అడక్కుండా ఇచ్చిన మాట

ఏమన్నావూ? మా ఆయన కూడా ఇలా ఫోన్లు చేసేవారా అనా? చేయకేం. ఈ వంటింట్లోంచే చేసేవారు. అదిగో, తలుపు పక్కన గోడకి రెండు మేకు కన్నాలున్నాయే, అక్కడుండేది ఫోను. మెలికల తీగ. ఎంత పొడుగంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ భోజనాల గదంతా చుట్టి వచ్చేవారు, నేను దాని కింద నుంచి వంగి పొయ్యి దగ్గరకి వెళ్లేదాన్ని. ముందా కోటు విప్పి కూర్చో. మీ ప్రొఫెసరు నీకోసం ఎవరికో ఫోను చేస్తానంటే సంతోషించాలి గానీ, పరీక్ష తప్పినదానిలా ఆ మొహమేంటి? ఏమిటీ, సిఫారసా? ఆ మాట నేనూ అన్నాను ఆయనతో, పెళ్లైన కొత్తలో. మీ డాక్టర్లంతా ఒక తానులో ముక్కలే అన్నాను. ఆయన నవ్వలేదు. "అర్లీన్, కాగితం మీద అందరూ బంగారమే. కత్తి చేతికిచ్చే ముందు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి, ఈ మనిషిని నేను చూశాను అని" అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు. ట్వైలా వచ్చాక అయింది. ట్వైలా ఎవరో చెప్తాను ఉండు, తొందరపెడితే వరస తప్పుతాను.

ఫిబ్రవరి సంగతి నీకు తెలుసుగా. డాక్టరీ ఆఖరి ఏడు చదివే మీరు, పై శిక్షణ కోసం ఆస్పత్రుల పేర్లు మీకిష్టమైన వరసలో రాసిస్తారు, ఆస్పత్రులు మీ పేర్లు వాళ్లకిష్టమైన వరసలో రాసిస్తాయి, కంప్యూటరు రెండూ చూసి ముడి వేసేస్తుంది. మార్చిలో కవరు విప్పితే అంతే. ఐదేళ్ల శిక్షణంటే ఐదేళ్ల కాపురం, కాదనడానికి లేదు. అప్పుడూ అదే పద్ధతి. సర్జరీలో చోట్లు ఇంకా తక్కువ, ఆడపిల్లలకి మరీను. ఆ గడువు దగ్గరపడే రోజుల్లో, ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ఆయన బూట్లు తొడుక్కునేవారు. ఇంట్లోనే. నేను తుడిచిన నేల మీదే. "మేజోళ్లతో నిలబడి ఒకరి బతుకు గురించి మాట్లాడకూడదు" అనేవారు. డాక్టర్ ఎమిల్ వోబోరిల్ అంటే ఆపరేషన్ గదిలో అందరికీ హడల్. ఇక్కడ చూస్తేనేమో ఫోను ముందు, పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడిలా గొంతు సవరించుకునేవారు. ముందు వాతావరణం. తర్వాత మొక్కజొన్న పంట. అవతలివాడు విసుక్కునేదాకా మొక్కజొన్నే. అప్పుడు, ఆ విద్యార్థిలో లోపమేంటో చెప్పేవారు. లోపం ముందు. ఈ అబ్బాయి కుట్లు వేసేటప్పుడు నాలుక బయటపెడతాడు. ఈ అబ్బాయికి ఓపిక తక్కువ, నర్సుల దగ్గర నేర్చుకుంటున్నాడు. లోపం చెప్తేనే తక్కిందంతా నమ్ముతారట. చివర్న అవతల నుంచి ఒకటే ప్రశ్న వచ్చేది. మమ్మల్ని మొదట రాస్తాడా? పిల్లల్ని అడగకూడదు గానీ పెద్దల్ని అడిగేవాళ్లు. ఆ జవాబుకే విలువంతా. ఒకరి గురించి ఒక్క చోటే చెప్పాలి ఆ మాట. మా ఊళ్లోనే ఒక పెద్దమనిషి, పేరొద్దులే, పోయాడు, ఒకే కుర్రాడి గురించి ముగ్గురికి చెప్పాడు, మిమ్మల్నే మొదట అని. ఆ ముగ్గురూ ఏదో సభలో ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. ఇంకేముంది. ఆ తర్వాత ఆయన ఎవరికి ఫోను చేసినా సెక్రటరీలే పలికేవాళ్లు.

ట్వైలా హార్ట్‌సాక్. ఈ నెబ్రాస్కాలోనే, పడమట ఇసుక కొండల్లో పశువులు పెంచే వాళ్లమ్మాయి. పశువుల మధ్య పెరిగినవాళ్లకి పెద్ద గొంతుంటుందనుకుంటాం కదా, కాదు. అరిస్తే పశువు బెదురుతుందట. అందుకని ఆ పిల్ల నోట్లో మాట నోట్లోనే ఉండేది. ఆయనకి అదే చిరాకు. "ఆపరేషన్ మధ్యలో ఏదో అంటుంది, ఏం అందో దేవుడికే తెలియాలి" అని ఇంటికొచ్చి నా మీద విసుక్కునేవారు. ఒకరోజు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా కూర్చుని చెప్పారు. ఒక రోగి భార్య ట్వైలాని ఏదో అడిగిందట. తెలీదు, కనుక్కుని వస్తాను అందట ఈ పిల్ల. "అందరూ అంటారు ఆ మాట" అన్నారాయన. "కనుక్కుని వస్తాను అని వరండా మలుపు తిరిగాక ఎవరూ రారు. నేనూ చాలాసార్లు రాలేదు. ఇది వచ్చింది, అర్లీన్. ఆవిడ ఇంటికెళ్లిపోయిందని తెలిసి ఇంటికెళ్లి చెప్పి వచ్చింది." ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల కోసం ఆయన బూట్లు వేసుకుంటారని.

వేసుకున్నారు. చికాగోకి చేశారు. డాక్టర్ ఫెర్రిస్ మల్కాహీ అని, అక్కడ సర్జరీకి పెద్ద. ఇద్దరూ సైన్యంలో కలిసి పనిచేసినవాళ్లు. మల్కాహీ మాట్లాడితే ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాలి, నేను పొయ్యి దగ్గర నిలబడే మొత్తం వినేదాన్ని. వాతావరణం అయింది, మొక్కజొన్న అయింది, గొంతు చిన్నదన్న లోపం అయింది, రోగి భార్య సంగతి అయింది.   అప్పుడడిగాడు, మమ్మల్ని మొదట రాస్తుందా అని. ఈయన ఒక్క క్షణం కూడా ఆగలేదు. "రాస్తుంది. నా మాట" అనేశారు. అనేసి ఫోను పెట్టి, రెండు చేతులూ రుద్దుకుంటూ, ఆ పిల్ల జాతకం మారిపోయింది పో అన్నారు. చికాగో అంటే అప్పట్లో ఎవరైనా ఎగిరి గంతేసే చోటు. కాదనేవాళ్లుంటారని ఆయన ఊహకే అందలేదు.

ఆ సాయంత్రం ఆయన విద్యార్థులు భోజనానికొచ్చారు. మాంసం, చిక్కుళ్లు వేసి కారంగా ఉడికించిన చిల్లీ, తియ్యటి దాల్చినచెక్క రొట్టెలు. రెండూ ఒకే పళ్లెంలో పెట్టుకు తినడం మా నెబ్రాస్కావాళ్లకే చెల్లు, వేరే ఊరినుంచి వచ్చిన నీలాంటివాళ్లు మొదట వింతగా చూస్తారు, తర్వాత మారు వడ్డించమంటారు. ఆయన బల్ల కొసన కూర్చుని అందరి ముందూ చెప్పేశారు, ట్వైలా, మల్కాహీతో మాట్లాడాను, నువ్వు చికాగోనే మొదట రాస్తావని చెప్పాను అని. అంతా చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల పెదవులు కదిలాయి. థాంక్యూ సార్ అందనుకుంటాను. గిన్నెలో చెంచా అలాగే ఉండిపోయింది. తర్వాత నేను గిన్నెలు కడుగుతుంటే తుడవడానికొచ్చింది. తుడిచిన పళ్లాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. ఏమ్మా అన్నాను.  పళ్లెం పక్కన పెట్టి చెప్పింది. వాళ్లమ్మ కేన్సస్ సిటీలో ట్వైలా అక్క దగ్గరుందట. ఆవిడ పల్లెటూరి బళ్లో పంతులమ్మగా చేసింది, ఊరందరికీ అక్షరాలు దిద్దబెట్టిన మనిషి. పక్షవాతం వచ్చి మాట పోయింది, మనుషుల పేర్లు పోయాయి. ట్వైలా వెళ్తే మాత్రం చేయి పట్టుకుని వదలదట. ఎవరని పట్టుకుంటోందో తెలీదు అంది. ఎంతకాలం ఉంటుందో తెలీదు. కేన్సస్ సిటీలోనూ సర్జరీ ఉంది, అదే మొదట రాద్దామనుకుంది. "మరి సార్‌తో చెప్పకపోయావా?" అన్నాను. "సార్ అడగలేదండి" అంది. తప్పు పట్టినట్టు కాదు, మామూలుగా అంది. ఇంకో మాట కూడా అంది. "నేను చికాగోనే మొదట రాస్తాను. సార్ మాట పోకూడదు. మీరు ఆయనతో అనకండి."

అనకుండా ఉంటానా? ఉండలేకపోయాను. తెల్లారి ఆయన గుమ్మం ముందు మంచు తోస్తున్నారు. వెళ్లి చెప్పాను. మొదట కోపమొచ్చింది. "చికాగో వద్దనుకునేవాళ్లుంటారా? దానికి మతిపోయిందా?" అని ఇంకో నాలుగు పారలు తోశారు. తర్వాత పార అలాగే మంచులో గుచ్చి నిలబడిపోయారు. "నేను అడగలేదు" అన్నారు. నాతో కాదు. ఎవరితోనో. నేను తెలివి ప్రదర్శించాను, పోనీ చికాగోకి చెప్పింది అలాగే ఉండనివ్వండి, కేన్సస్ సిటీకీ అదే మాట చెప్పండి, ఎక్కడో ఒకచోట వస్తుంది అని. ఆయన నా వైపు చూసిన చూపు... ఆ ముగ్గురికి చెప్పిన పెద్దమనిషిని చూసినట్టు చూశారు. నేను లోపలికొచ్చేశాను.

ఆస్పత్రిలో ఆ పిల్లని పిలిచి అడిగారట ఆ రోజే. ఎక్కడికి వెళ్లాలనుంది? ఏదో గొణిగిందట. వినపడలేదు అన్నారట. మళ్లీ చెప్పిందట. వినపడలేదు. మూడోసారి వరండాలో వెళ్లే నర్సులు కూడా ఆగి చూసేలా చెప్పిందట, కేన్సస్ సిటీ సార్ అని. ఇంటికొచ్చి అదో గొప్ప విషయంలా, "ఇవాళ దాని గొంతు విన్నాను" అన్నారు. అయితే ఉన్న సంగతి కూడా దాచకుండా చెప్పారామెకి. మల్కాహీకి ఇప్పుడు కాదంటే అక్కడ పేరు కిందకి పోతుంది. కేన్సస్ సిటీలో ఆడవాళ్లని ఇంతవరకూ సర్జరీలోకి తీసుకోలేదు, పైగా అక్కడి సర్జరీ పెద్దకీ ఈయనకీ మాటల్లేవు. రెండూ పోవచ్చు. ఏడాదంతా ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు, మళ్లీ ఏడాది కూడా చోటు వస్తుందన్న నమ్మకం లేదు. ఆలోచించుకో అన్నారు. ఆలోచించుకున్నాను సార్ అందట. ఇంకో షరతు పెట్టింది, చూడు. మా అమ్మ సంగతి మాత్రం వాళ్లకి చెప్పొద్దు, జాలిపడి తీసుకుంటే నేను అక్కడ నిలబడలేను అని. మెత్తటి మనుషులే మొండివాళ్లు.

చికాగోకి చేసినప్పుడు ఆయన బూట్లు వేసుకోలేదు. మర్చిపోయారో, ఆ పనికి అక్కర్లేదనుకున్నారో. గోడకి చెయ్యి ఆనించి, మేజోళ్లతో నిలబడ్డారు. వాతావరణం లేదు, మొక్కజొన్న లేదు. "ఫెర్రిస్, ఆదివారం నేను చెప్పింది తప్పు. ఆ పిల్లని అడక్కుండా చెప్పాను. తను వేరేచోటు మొదట రాస్తోంది. తప్పు నాది, తనది కాదు" అన్నారు. మల్కాహీ అరుస్తాడనుకున్నాను. అరవలేదు, అందుకే భయమేసింది. నేను దగ్గరకొచ్చి చెవి పెడితే గానీ వినపడనంత నెమ్మదిగా, "మరి వచ్చే ఏడు నీ మాట నేనెందుకు నమ్మాలి ఎమిల్?" అన్నాడు. "నమ్మమని అడగను" అన్నారీయన. నమ్మలేదు కూడా. ఆ మరుసటి ఏడు ఒక మంచి కుర్రాడు, మంచి అంటే నిజంగా మంచి కుర్రాడు, చికాగో కావాలన్నాడు. మల్కాహీ ఫోనుకి రాలేదు. ఈయన ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి, నీకు అక్కడ రాకపోతే అది నావల్ల అని చెప్పారు. క్రిస్మస్‌కి మల్కాహీ దగ్గరనుంచి కార్డు వచ్చేది, కింద సంతకం మాత్రమే. చాలా ఏళ్లు అంతే. ఆ కార్డు మిగతావాటితో కలపకుండా విడిగా పెట్టేవారు. 

ఇక కేన్సస్ సిటీ. అక్కడ డాక్టర్ లీలండ్ స్ట్రౌడ్. వీళ్లిద్దరి గొడవ ఏమిటంటే, ఎప్పుడో ఒక సభలో స్ట్రౌడ్ కడుపు ఆపరేషన్ గురించి గొప్పగా ప్రసంగం చేశాడు. అంతా బ్రహ్మాండం అన్నారు. ఈయన లేచి, ఆ రోగుల్ని ఏడాది తర్వాత ఎవరైనా వెళ్లి చూశారా అని అడిగారు. నిండు సభలో. స్ట్రౌడ్ మొహం కందగడ్డ అయిపోయిందట. అప్పట్నుంచి లిఫ్టులో ఎదురుపడినా ఇద్దరూ అంకెలు చూస్తూ నిలబడేవాళ్లు, ఆ లిఫ్టు కథ నాకు స్ట్రౌడ్ భార్యే చెప్పింది తర్వాత. ఆవిడ మంచిది పాపం. ఆవిడే ఎత్తింది ఫోను ఆ రోజు. ఉండండి అని చెప్పి వెళ్లింది. ఎంతకీ రాడే. ఈయన బూట్లేసుకుని, టై కూడా కట్టుకుని, ఫోను చెవికి పెట్టుకుని గోడనే చూస్తున్నారు. పక్కనే నిలబడి, పెట్టేయండి, రాడు అని సైగ చేశాను. తల అడ్డంగా ఊపారు. ఆఖరికి వచ్చాడు. వస్తూనే, "నువ్వు నాకు ఫోను చేశావంటే ఎవరో పోయుండాలి. ఎవరు?" అన్నాడు. "ఎవరూ పోలేదు లీలండ్. ఒక విద్యార్థి గురించి" అన్నారు. ఆడపిల్ల అనగానే స్ట్రౌడ్ సణుగుడు మొదలెట్టాడు, మా దగ్గర డ్యూటీ డాక్టర్లు పడుకునే గది ఒకటే ఉంది, అబ్బాయిలంతా అక్కడే, ఎక్కడ పెట్టను అని. "మీ ఊళ్లో తలుపులకి గడియలు దొరకవా? నేను పంపిస్తాను" అన్నారీయన.  ఇది వేళాకోళాలకి వేళా! అవతల ఏదో చప్పుడు. స్ట్రౌడ్ నవ్వుని దగ్గులోకి దింపుకుంటున్నాడు.

అప్పుడు ఈయన చెప్పారు. గొంతు చిన్నది, అది లోపం, కానీ పెంచుకుంటోంది, ఈ వారమే విన్నాను. తర్వాత రోగి భార్య సంగతి. కనుక్కుని వస్తానని వెళ్లి, తిరిగొచ్చిన సంగతి. వాళ్లమ్మ మాట రానివ్వలేదు. స్ట్రౌడ్ విన్నాడు. మమ్మల్ని మొదట రాస్తుందా అన్నాడు. రాస్తుంది అన్నారు. "నీకెలా తెలుసు?" అన్నాడు వాడు. ఆ ప్రశ్న ఎవరూ అడగరు మామూలుగా. ఈయన కళ్లు మూసుకుని, "ఈసారి అడిగాను" అన్నారు.   అప్పుడు స్ట్రౌడ్ అన్నాడు, నాకు స్పష్టంగా వినపడలేదు, ఈయన ఎప్పటికో చెప్పారు. "ఆ రోజు సభలో నువ్వు లేచి అడిగావే, ఏడాది తర్వాత ఎవరైనా వెళ్లి చూశారా అని. నీ మీద కోపంతోనే వెళ్లాను. ఇల్లిల్లూ తిరిగాను. నువ్వే కరెక్టు. ఆ ఆపరేషన్ మానేశాను." అంతే. పిల్లని తీసుకుంటానని అనలేదు, తీసుకోనని అనలేదు. ఫోను పెట్టేశాక ఈయన ఇదిగో ఈ కుర్చీలో కూర్చుండిపోయారు. ఏమైంది అంటే చెప్పరు. "వెళ్లి చూశాడట అర్లీన్" అంటారు, మళ్లీ అదే అంటారు.

మార్చిలో ట్వైలా కవరు విప్పింది. కేన్సస్ సిటీయే. మా ఇంటికే వచ్చింది మొదట, ఏడుస్తూ, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా. వాళ్లమ్మ ఆ తర్వాత రెండు చలికాలాలు బతికింది. పేరు పెట్టి పిలవలేదు ఒక్కసారి కూడా. చేయి మాత్రం పట్టుకునేది. డ్యూటీ దిగి ఆ బట్టలతోనే వెళ్లి మంచం పక్కన నిద్రపోయేదట ట్వైలా, నిద్రలో కూడా ఆవిడ చేయి వదిలేది కాదట. ఎవరిదనుకుని పట్టుకునేదో. నేనూ తల్లినే, నాకూ తెలీదు, అడక్కు.

ఆయన ఆఖరి చలికాలం వచ్చేసరికి, మనుషుల్ని పోల్చుకోవడం మానేశారు. ముందు గదిలో, కిటికీ దగ్గర వేశాం మంచం. నన్ను నర్సనుకునేవారు. మందు ఇస్తే మర్యాదగా, శ్రమ ఇచ్చానమ్మా అనేవారు. ఇన్నేళ్ల కాపురంలో అంత మర్యాద ఎప్పుడూ... సరే, అది వదిలెయ్. ట్వైలా వచ్చేది కారేసుకుని. తనకీ జుట్టు నెరిసింది అప్పటికి, తన చేతి కింద ఎంతమందో సర్జన్లయ్యారు. పక్కన కూర్చుంటే ఆయన తేరిపార చూసి, ఆఖరి సంవత్సరమా అని అడిగారు. అవును సార్ అంది. సరిదిద్దలేదు. సర్జరీయేనా? అవును సార్. "ఎక్కడికి వెళ్లాలనుంది?" అన్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో గ్లాసుంది. ఆ పిల్ల... పిల్ల అంటున్నాను చూడు... గది ఇవతలకి వినపడేలా చెప్పింది, "కేన్సస్ సిటీ సార్. మా అమ్మ అక్కడుంది" అని. ఆయన చాలాసేపు ఆలోచించారు. నుదురు ముడిపడింది, పెద్ద ఆపరేషన్ ముందు పడేది అలా. తర్వాత ఆమె చేతి మీద తట్టారు. "సరే, నేను మాట్లాడతాను. స్ట్రౌడ్ నంబరు నాకు గుర్తులేదు గానీ, అర్లీన్‌కి తెలుసు. అన్నీ ఆవిడకే తెలుసు" అన్నారు. అని నా వైపు తిరిగి, "అమ్మా, మా ఆవిడ ఇంట్లో ఉందేమో కాస్త పిలుస్తారా?" అన్నారు.

...

అదిగో, మంచు తోసే బండి వస్తున్నట్టుంది. నీ కారు వీధిలోనే పెట్టావా? వెళ్లి లోపలికి తెచ్చెయ్, మంచుతో కప్పెట్టేస్తాడు.